బావ రైఫిల్‌కు స్కోపు

మా బావకు కళ్ళు బాగానే ఉన్నాయి. సంగారెడ్డి కంటి డాక్టరు కూడా ఆ మాటే అన్నాడు. కందిలో వాళ్ళ డాబా మీద నిలబడి, హైవే మీద పోయే లారీ వెనక రాసిన అక్షరాలు ఇప్పటికీ చదువుతాడు. పేపరుకు మాత్రం అద్దాలు కావాలి. చిక్కంతా ఈ రెండు దూరాల మధ్య వచ్చింది. రైఫిల్ గురి ఉండేది సరిగ్గా అక్కడే.

రైఫిల్ అనగానే వేట గుర్తుకొస్తుంది. మా బావది ఆ రకం కాదు. మా అక్క భర్త, సర్కారు బడిలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఎన్.సి.సి. పిల్లలను తుపాకి గురి నేర్పే రేంజికి తీసుకుపోయే బాధ్యత ఆయనకే ఉండేది. చిన్న గుండ్లు పేల్చే పాయింట్ టూ టూ రైఫిల్ అక్కడే ఆయన చేతికి అలవాటైంది. ఉద్యోగంలో ఉండగానే క్లబ్బులో చేరాడు, లైసెన్సు తీసుకున్నాడు, ఒక పాత రైఫిల్ కొనుక్కున్నాడు. ఇంతకాలంలో ఒక్క పిట్టను కొట్టలేదు. ఆయన కొట్టిందంతా కాగితం మీది నల్లచుక్కనే. ఎవరైనా అడిగితే, "మా బావ కాయిదాల వేటగాడు" అని నేను ఏడిపించేవాణ్ణి. "నువ్వు జీవితమంత ఇనుముకు కొలతలు దీస్కుంట కూసున్నవ్. నాది కాయిదం, నీది ఇనుము, ఎవరిది మేలు?" అని ఆయన అనేవాడు.

ఆ మాట నిజమే. నేను పటాన్‌చెరు దగ్గర ఒక కార్ఖానాలో కొలతల గదిలో పనిచేసి రిటైరయ్యాను. తయారైన ప్రతి ముక్కకూ వెంట్రుక మందంలో ఎన్నో వంతు తేడా వచ్చిందో చూసి, ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని చెప్పడం నా పని. ఉద్యోగం పోయినా ఆ బుద్ధి పోలేదు. ఇప్పటికీ రాత్రి భోజనం ముందు డైరీ రాసుకుంటాను. ఎండ ఎంత ఉంది, బోరులో నీళ్ళు ఎట్లా ఉన్నాయి, ఎవరు వచ్చారు, ఏం పని జరిగింది. అంతకుమించి అందులో ఏమీ ఉండదు.

బావ రైఫిల్ రెండు ముక్కలుగా విడిపోయే రకం. కింద ఉన్న చిన్న మీటను నెట్టి గొట్టాన్ని పావు చుట్టు తిప్పితే గొట్టం ఊడి చేతికి వస్తుంది. గుండు ఎక్కించే యంత్రం, భుజానికి ఆనించే చెక్క మడమ రెండో ముక్కగా మిగులుతాయి. కారు లేని రోజుల్లో బస్సులో తీసుకుపోవడానికి అనువుగా ఉంటుందని ఆయన ఏరికోరి కొన్నాడు. ఇంట్లో గొట్టం ఒక బీరువాలో, మిగతాది ఇంకో బీరువాలో, రెండు తాళాలూ ఆయన దగ్గరే ఉంటాయి. ఆదివారం రేంజికి పోయి ముక్కలు కలుపుతాడు, కొడతాడు, తిరిగి విడదీసి తెస్తాడు. ఆ అలవాటు ఎన్నడూ తప్పలేదు.

రేంజిలో ఆయనకు ఇంకో అలవాటుంది. యాభై మీటర్ల నుంచి పది గుండ్లు కొట్టిన తర్వాత కాగితం తెప్పించుకుని, దాని మీద చాయ్ గ్లాసు బోర్లిస్తాడు. పది చిల్లులూ గ్లాసు మూతి లోపలే ఉంటే చాయ్ ఆయన తాగుతాడు. ఒక్కటి బయట పడినా ఆ రోజు చాయ్ లేదు. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, తనకు తానే పెట్టుకున్నాడు.

పోయిన ఏడాది వానాకాలం నుంచి ఆయన చాయ్ తాగకుండానే ఇంటికి వస్తున్నాడు.

ఒకరోజు నేను కంది వెళ్ళినప్పుడు ఆ సంగతి ఎత్తాడు.

"బామ్మర్దీ, లైసెన్సు రెన్యువల్ దగ్గర వడ్డది. ఈసారి చేపిస్తనో లేదో."

"ఎందుకు బావా?"

"వెనక గాడి కనవడ్తలేదు. పొగ వట్టిన కిటికీ లెక్కున్నది. ముల్లు జూస్తె చుక్క మసక, చుక్క జూస్తె ముల్లు మసక. గుండ్లు గ్లాసు దాటి పోతున్నయ్. కొట్టలేనోనికి తుపాకి ఎందుకు? తుపాకుల దుకాణంల జమ జేసి వస్త."

వంటింట్లోంచి అక్క గొంతు వినిపించింది. "జమ జేసినంక ఆదివారం ఏం జేస్తడో గది గూడ అడుగు తమ్మీ. నా యెనక నిలవడి పోపుల ఆవాలు ఎక్కువైనయంటడు. నాతోని కాదు."

"విన్నవా? నా కండ్ల బాధ కాదు, ఆవాల బాధ ఆమెది" అన్నాడు బావ.

నవ్వుతూనే అన్నాడు గాని, ఆయన ముఖం నాకు తెలుసు. ఒక పని తనకు చేతకావడం లేదని తెలిస్తే, ఎవరూ చెప్పకముందే తనంత తానే పక్కకు జరిగే మనిషి. బడిలో కూడా, పిల్లలతో సమానంగా పరుగెత్తలేనని అనిపించిన ఏడాదే ఈల ఇంకో మాస్టరు చేతికి ఇచ్చాడు. రైఫిల్ విషయంలోనూ అట్లాగే చేస్తాడు. కాని ఈల ఇచ్చిన తర్వాత ఆయన చాలాకాలం ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అది అక్కకూ తెలుసు, నాకూ తెలుసు.

గురి మసకబారడం కంటి జబ్బు కాదు. వయసు మీద పడిన కన్ను ఒకేసారి మూడు దూరాలను చూడలేదు. గొట్టం వెనక గాడి, మూతి దగ్గర ముల్లు, దూరాన నల్లచుక్క, ఈ మూడూ వరసలోకి రావాలి. స్కోపు అనే చిన్న దుర్భిణి బిగిస్తే ఈ బాధ లేదు. అందులో ఒక సన్నటి అడ్డగీత, ఒక నిలువుగీత ఉంటాయి. గీతలూ, చుక్కా ఒకే దూరాన ఉన్నట్టు కనిపిస్తాయి. ఆ మాట బావకు చెప్పాను.

"దుర్భిణి పెట్టి కొట్టుడు గూడ ఒక కొట్టుడేనా?" అన్నాడు.

"పేపరు అద్దాలు పెట్టుకొని చదువుతవు గద. గది చదువుడు కాదా?"

బావ మరుసటి వారం హైదరాబాదు పోయి స్కోపూ, దాన్ని పట్టి ఉంచే రెండు రింగులూ కొనుక్కొచ్చాడు. రింగులు సరిపోలేదు. వాటి పాదం వెడల్పు. ఈ రైఫిల్ యంత్రం పైన పొడవునా చెక్కి ఉన్న రెండు గాళ్ళు సన్నవి. మళ్ళీ పోయి మార్చుకొచ్చాము. కొనేముందు గాడి వెడల్పు కొలుచుకుని పోవాలని నేను చెప్పి ఉండాల్సింది. బావ దారి పొడవునా నన్ను వదలలేదు. "కొలతలోడు ఇంట్ల ఉండంగ గిట్లాయె" అని నాలుగుసార్లు అన్నాడు.

లైసెన్సు బావ పేరు మీద ఉంది కాబట్టి రైఫిల్‌ను మా ఇంటికి తెచ్చుకుని పనిచేసే వీలులేదు. కందిలో వాళ్ళ ముందు గదిలోనే, ఆయన పక్కన కూర్చుని ఉండగా పని మొదలుపెట్టాను. గుండ్లు ఇంకో గదిలో తాళం వేసి ఉంచాము. యంత్రం తెరిచి లోపల గుండు లేదని ముందు ఆయన చూశాడు, తర్వాత నేను చూశాను, తర్వాత ఇద్దరమూ వేలు పెట్టి తడిమి చూశాము. అక్క తలుపు దగ్గర నిలబడి, "ఇద్దరు కలిసి దాని నోట్ల పండ్లు జూస్తున్నరా?" అన్నది.

గాళ్ళలో పాత నూనె పేరుకుని ఉంది. స్పిరిటుతో తుడిచాను. రింగుల కింది ముక్కలు గాళ్ళకు పట్టించి, స్కోపు పెట్టి, పైముక్కలు వదులుగా కూర్చోబెట్టాను. ఇక్కడ తొందరపడితే మెడ నొప్పి తెచ్చుకున్నట్టే. స్కోపుకు కన్ను ఎంత దూరాన ఉండాలో కొట్టే మనిషి మెడను బట్టి తేలాలి.

"కండ్లు మూసుకో బావా. మూసుకునే భుజానికెత్తు. నీ అలవాటు ప్రకారం చెంప ఆనించు. ఇగ తెరువు."

"అంత నల్లగున్నది. నడుమ చిన్న చందమామ."

నేను స్కోపును ఒక గోరంత వెనక్కి జరిపాను. మళ్ళీ మూయించాను, తెరిపించాను.

"ఇప్పుడు?"

"చందమామ పెద్దగైంది. అంచున ఇంక జెర నలుపు."

ఇంకొంచెం జరిపాను. "ఇగ నిండింది" అన్నాడు. ఆ మాట అన్న తర్వాత చాలాసేపు రైఫిల్ దించలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి ప్రహరీగోడ మీది నాచును చూస్తున్నాడు.

తర్వాత నిలువుగీత. అది నిజంగా నిలువుగా ఉండాలి. రైఫిల్‌ను రెండు ఇసుక సంచుల మధ్య మట్టంగా కదలకుండా పెట్టి, ప్రహరీగోడకు మేస్త్రీలు వాడే దారం గుండు వేలాడదీశాను. స్కోపులోంచి ఆ దారాన్ని చూస్తూ, స్కోపును అటూ ఇటూ తిప్పి గీతను దారంతో కలిపాను.

"తుపాకి బాగుజెయ్యమంటె ఇల్లు కడుతున్నవేంది?" అన్నాడు బావ.

మరలను కారు చక్రానికి బిగించినట్టు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాను. ఒక వైపే పూర్తిగా బిగిస్తే స్కోపు వంకరవుతుంది. గీత దారం మీద ఉందో లేదో ప్రతిసారీ చూసుకున్నాను. అంతా అయ్యేసరికి అక్క రెండోసారి చాయ్ ఇచ్చింది. ఆ చాయ్ బావ తాగాడు. ఇంటి చాయ్‌కు గ్లాసు నియమం లేదు.

ఆ ఆదివారం ముత్తంగి దగ్గర రింగురోడ్డు ఎక్కి రేంజికి వెళ్ళాము. మొదట దగ్గరి దూరానికి కాగితం పెట్టి కొట్టించాను. గుండ్లు పైన ఎడమకు పడ్డాయి. స్కోపు మీది మరలు తిప్పుతూ, గుండ్లను చుక్క దగ్గరకు నడిపించుకుంటూ వచ్చాము. తర్వాత యాభై మీటర్లకు మార్చాము. చివరి పది గుండ్లకు బావ గ్లాసు బోర్లించాడు. పదీ లోపలే. ఆయన గ్లాసును కాగితం మీదినుంచి ఎత్తి, అందులోనే చాయ్ పోయించుకున్నాడు.

డైరీలో ఆ రోజు, "స్కోపు పని పూర్తి" అని రాశాను. తొందరపడ్డాను.

తర్వాతి ఆదివారం ఆయన ఎప్పటిలాగే ముక్కలు కలిపాడు, పడుకున్నాడు, కొట్టాడు. పది గుండ్లూ చుక్కకు బెత్తెడు కింద, కుడికి పడ్డాయి. రింగులు జారి ఉంటాయని నేను అనుకున్నాను. మరలన్నీ చూశాను. ఒక్కటీ వదులు కాలేదు. స్కోపును మళ్ళీ కుదిర్చి ఇంటికి తెచ్చాము. ఆ తర్వాతి ఆదివారం గుండ్లు ఈసారి ఎడమకు, పైకి పోయాయి.

బావ కాగితం చూసి గ్లాసు తీయలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

దారిలో అన్నాడు. "సూశినవా? దుర్భిణి పెట్టినా గంతే. కన్ను పోయింది, చెయ్యి పోయింది. ఇగ సాలు."

"కన్ను పోతే గుండ్లు చెదురుతయ్ బావా. ఇవి చెదరలే. పదీ ఒక్కదగ్గరనే ఉన్నయ్. గుంపు మంచిగనే ఉన్నది, ఇల్లు మారింది."

"ఊకో. నన్ను ఊరడించకు."

"ఊరడిస్తలేను. గ్లాసు పెడితే పదీ దాంట్లనే పడ్తయ్. చుక్క మీద పెట్టకు, గుండ్ల మీద పెట్టు, నువ్వే సూడు."

"చుక్కకు దూరమైనంక గుంపు ఉంటే ఎంత, లేకుంటే ఎంత? రేపు దుకాణపాయనకు ఫోన్ జేస్త."

ముత్తంగి కూడలిలో కంటైనర్ లారీలు దారి ఇచ్చేదాకా ఆగాము. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఇంటి దగ్గర దింపుతూ, "ఫోన్ ఎల్లుండి చెయ్. రేపు నేనొచ్చి ఒకసారి సూస్త" అన్నాను.

"సూసేదేముంది?"

"సూసేదేముందో సూస్తెనే గద తెలిసేది."

"నీతోని పరేషాన్" అన్నాడు. కాదనలేదు.

ఇంటికి వచ్చి ఆలోచించాను. మరలు కదలలేదు. స్కోపు కదలలేదు. కొట్టేవాడు గుంపుగా కొడుతున్నాడు. మొదటి రోజు కుదిరిన గురి మరుసటి వారానికి పోతున్నది. మధ్యలో జరిగిందల్లా ఒక్కటే, రైఫిల్‌ను విడదీసి మళ్ళీ కలపడం. స్కోపు ఉన్నది యంత్రం మీద. గుండు వచ్చేది గొట్టంలోంచి. గొట్టం ప్రతిసారీ ఒకే తీరుగా కూర్చోకపోతే, స్కోపు ఒక దిక్కు చూస్తుంది, గొట్టం ఇంకో దిక్కు చూస్తుంది. వెంట్రుక మందంలో సగం తేడా ఉన్నా యాభై మీటర్ల దూరానికి బెత్తెడవుతుంది.

మరి ఇన్నేళ్ళూ ఈ బాధ ఎందుకు లేదు? పాత గురిలో గాడీ గొట్టం మీదే ఉంది, ముల్లూ గొట్టం మీదే ఉంది. గొట్టం ఎట్లా కూర్చున్నా గురి దానితోపాటే తిరిగేది. తప్పు ఉన్నా బయటపడే దారి లేదు.

మర్నాడు టార్చీ, భూతద్దం, తెల్లటి నూలు గుడ్డ పట్టుకుని కంది వెళ్ళాను. బావ రెండు బీరువాల్లోంచి రెండు ముక్కలూ తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. స్కోపు పెట్టిన రోజున నేను యంత్రం పైభాగమే చూశాను. అతుకు వైపు చూడలేదు, అది ఎప్పుడూ బావ చేతి పనే. ఇప్పుడు గొట్టం చివర గుండ్రటి ముఖాన్ని టార్చీ వెలుగులో చూశాను. అంచున ఏదో గట్టిపడిన పొర ఉంది. తుప్పనుకున్నాను. గుడ్డకు స్పిరిటు తడిపి ఒక మూల రుద్దాను. గుడ్డ పచ్చగా అయింది.

బావ గుడ్డ వంక చూశాడు. తర్వాత వంటింటి వంక చూశాడు.

"పసుపు" అన్నాడు మెల్లగా.

దసరాకు మా వైపు పనిముట్లన్నిటికీ పూజ చేస్తారు. కార్ఖానాలో యంత్రాలకూ, ఇంట్లో కత్తిపీటకూ, బండికీ పసుపు కుంకుమ పెడతారు. బావ ఇంట్లో ఆ రోజు రైఫిల్‌నూ పీట మీద పెడతారు. రెండు ముక్కలుగా విడదీసి, పక్కపక్కన. పూజ చేసిన బొట్టును తుడవకూడదు, దానంతట అదే రాలిపోవాలి. బావ ఆ మాట తప్పలేదు. ప్రతి దసరా తర్వాత ఆ బొట్ల మీదనే రెండు ముక్కలూ కలిపి బిగించాడు. గొట్టం ముఖం మీదా, యంత్రం ముఖం మీదా ఏళ్ళ తరబడి పెట్టిన పసుపు పొరలు పొరలుగా ఎండి, పెచ్చులుగా లేచి, ప్రతిసారీ ఒకవైపు ఊడి, ఒకవైపు మిగిలి, గొట్టాన్ని రోజుకొక తీరుగా కూర్చోబెడుతున్నాయి.

మా కొలతల గదిలో కూడా దసరా చేసేవాళ్ళం. అక్కడ ఒక పెద్ద నల్లరాతి బల్ల ఉండేది, దాని పైముఖం చదునే మాకు అన్ని కొలతలకూ మొదలు. పూజారి వచ్చేముందే నేను బల్ల కాళ్ళ దగ్గర నిలబడేవాణ్ణి. బొట్టు కాళ్ళకే, బల్ల ముఖానికి కాదు. ఒక ఏడాది కొత్తగా చేరిన ఆయన భక్తితో రాతి మీదే పసుపు పూస్తే, ఆ మధ్యాహ్నమంతా దాన్ని కడుగుతూనే ఉన్నాము. ఇంత తెలిసిన నాకు బావ ఇంటి దసరా ఎందుకు గుర్తుకు రాలేదో తెలియదు. ప్రతి ఏడూ ఆ రోజు భోజనం వాళ్ళింట్లోనే.

"తుడుద్దామా?" అన్నాను.

"ఆగు" అన్నాడు బావ. "మీ అక్క పెట్టింది."

"మరెట్ల?"

"నాకేం దెలుసు? అక్కకు జెప్పకు గాని, తుడవనీకి నా చెయ్యి రాదు. నీకొస్తె నువ్వు తుడువు."

నాకూ చెయ్యి రాలేదు. గుడ్డ పట్టుకుని కూర్చున్నాను. ఇద్దరు పెద్దమనుషులం ఒక పసుపు మరక ముందు అట్లా కూర్చుని ఉండగా అక్క చాయ్ తెచ్చింది. ట్రే టేబుల్ మీద పెట్టబోయి, గుడ్డను చూసింది.

"గదేంది తమ్మీ, పచ్చగ?"

బావ పైకప్పు చూశాడు. ఇక చెప్పక తప్పలేదు. చెప్పాను. అక్క మొత్తం విన్నది. ముఖం కొంచెం చిన్నబోయింది. వెంటనే గట్టిగా తగులుకుంది.

"ఇన్నేండ్లు మంచిగనే కొట్టె గద? పోటీలల్ల గిన్ని కప్పులు దెచ్చె గద? గప్పుడు నా పసుపు అడ్డం రాలె, గిప్పుడే అచ్చిందా?"

"గప్పుడు గురి గొట్టం మీదనే ఉండె అక్కా. గిప్పుడు కన్ను ఒకదాని మీద, గొట్టం ఒకదాని మీద ఉన్నయ్. నడుమ అతుకు శుభ్రంగ ఉంటెనే రెండు ఒక్కదిక్కు సూస్తయ్."

"మరి ఆ అతుకు మీదనే ఎందుకు వెడ్తివి?" అన్నాడు బావ. అనకుండా ఉండాల్సింది.

"ఏడ వెట్టాలె మరి? పీట మీద పెట్టి మీరే ఇడదీస్తిరి. గుండ్రంగ, నున్నగ, మొఖం లెక్క కనవడుతుంది. బొట్టు మొఖానికి పెట్టరా, కాళ్ళకు పెడ్తరా?"

కార్ఖానాలో బొట్టు కాళ్ళకే పెట్టించిన సంగతి నేను ఆమెకు చెప్పలేదు.

"నేను ఈయన కన్ను సల్లగుండాలని పెడ్తిని" అన్నది అక్క, మా ఇద్దరితో కాదు, గొట్టంతో చెప్పినట్టు.

తర్వాత లోపలికి పోయి పాత పళ్ళ బ్రష్షు తెచ్చుకుని కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇయ్యి. నేను పెట్టింది, నేనే తీస్త. మీరు తీస్తె నాకు మనసున వట్టది." రెండు చేతులూ కడుక్కుని వచ్చిందని అప్పుడు గమనించాను. ముందు దండం పెట్టుకుంది. నేను స్పిరిటు పోశాను, ఆమె రుద్దింది. పెచ్చులను టేబుల్ మీద పడనీయకుండా ఒక ఆకులోకి తీసింది. పనయ్యాక వాటిని తీసుకుపోయి గుమ్మం పక్కన మల్లెచెట్టు మొదట్లో వేసింది. నేను తెల్లగుడ్డతో చివరిసారి తుడిచి చూశాను. గుడ్డ తెల్లగానే ఉంది. అతుకులో కొంచెం వదులు తేలింది. దాన్ని సరిచేయడానికి తిప్పి బిగించే ఉంగరం లాంటి చుట్టు ఒకటి ఆ రైఫిల్‌లోనే ఉంది. పసుపు మందంతో ఇన్నాళ్ళూ అది అవసరం పడలేదు. ఒక గాటు బిగించాను.

"ఇగ దసరాకు ఎట్ల?" అని అడిగింది అక్క.

"కట్టె మీద పెట్టు. మడమకు" అన్నాను.

"మడమకా?" అని కొంచెం ఆలోచించింది. "సరే, భుజానికి ఆనేది గదే గద. గది గూడ మంచిదే."

బావ ఆ రోజు దుకాణానికి ఫోన్ చేయలేదు. చేయనని కూడా అనలేదు. "ఆదివారం సూద్దాం" అన్నాడు అంతే. నేను పోతుంటే వాకిలి దాకా వచ్చి, "గుండ్లు ఇంక ఇల్లు మారితే నువ్వు మళ్ళ ఏం దొరికిచ్చుకుంటవో సూస్త" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడు గాని, మాటలో భయం ఉంది. తప్పు పసుపుది కాదని, తనదేనని తేలితే ఇక వంక లేదు.

ఆదివారం అక్క కూడా కారెక్కింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ రేంజికి రాలేదు. "ఆవాలు ఎక్కువైనయని అననీకి ఈయన లేకపోతే, ఇంట్ల కూసోని ఏం జెయ్యాలె?" అన్నది. గేటు దగ్గర చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. చప్పుడుకు చెవులు మూసుకోమని చెబితే చీరకొంగు చుట్టుకుంది.

ముందుగా స్కోపును కొత్తగా కుదిర్చాము. తర్వాత నేను బావతో రైఫిల్ విడదీయించాను. మళ్ళీ కలిపించాను. ఐదు గుండ్లు కొట్టించాను. మళ్ళీ విడదీయించాను, కలిపించాను, కొట్టించాను. గుంపు కదలలేదు. మూడోసారి నేను అడగకముందే ఆయనే విడదీసి కలిపాడు. నమ్మకం కుదరడానికి చేతికి కొంత పని కావాలి.

ఆఖరు పది గుండ్లకు పడుకున్నాడు. నేను పక్కన చిన్న దుర్భిణితో కాగితం చూస్తున్నాను. మొదటి రెండు మంచిగా పడ్డాయి. మూడోది కొట్టకుండా ఆగిపోయాడు.

"ఏమైంది బావా?"

"గీత ఊగుతున్నది."

"స్కోపా?"

"కాదు. నేనే. నా నాడి. ఒక్కొక్క దెబ్బకు గీత ఎగిరిపడుతున్నది. ముల్లు ఉన్నప్పుడు గిది నాకు కనవడలే."

ఇది నేను ముందే చెప్పి ఉండాల్సిన సంగతి. స్కోపు దూరాన్నే కాదు, చేతి వణుకునూ పెద్దదిగా చూపిస్తుంది. వణుకు ఎప్పుడూ ఉన్నదే, కొత్తగా కనిపిస్తున్నది అంతే. ఆ మాట చెప్పాను. ఆయన వినలేదనుకున్నాను. రైఫిల్ దించి, చెంప చెక్కకు ఆనించి కొంతసేపు అట్లాగే పడుకున్నాడు. ఇప్పుడే లేచి నిలబడతాడని నాకు అనిపించింది.

లేవలేదు. తల ఎత్తి, "రెండు దెబ్బల నడుమ జెర సందు ఉన్నది" అన్నాడు. "గా సందుల కొడుత."

మిగతా గుండ్లకు చాలాసేపు పట్టింది. ప్రతి గుండుకూ ఊపిరి వదిలి, ఆగి, ఆ సందు కోసం చూసి కొట్టాడు. కొన్నిసార్లు సందు దొరకక వేలు తీసేసి మళ్ళీ మొదలుపెట్టాడు. పక్క వరసలో వాళ్ళు తమ కాగితాలు మార్చుకుని వెళ్ళిపోయారు. మమ్మల్ని ఎవరూ తొందరపెట్టలేదు.

కాగితం వచ్చింది. గ్లాసు బోర్లించాడు. తొమ్మిది లోపల ఉన్నాయి. ఒకటి గ్లాసు అంచు మీదే పడింది, సగం లోపల, సగం బయట.

"లోపలి లెక్కనే" అన్నాను.

"నువ్వు పాస్ జేస్తవా, కొలతలోడా?"

"కార్ఖానాల అయితే చెయ్య."

"అట్లయితే నేను గూడ తాగ" అన్నాడు. గ్లాసును తుడిచి, చాయ్ పోయించి, చెట్టు కింద కూర్చున్న అక్క దగ్గరికి తీసుకుపోయి ఇచ్చాడు. అక్క చెవులకు చుట్టిన కొంగు విప్పకుండానే తాగింది.

రైఫిల్ విడదీసి సంచిలో పెట్టేముందు అతుకు రెండు ముఖాలనూ తెల్లగుడ్డతో తుడిచాడు. అది నేను చెప్పలేదు.

తిరిగి వస్తూ పటాన్‌చెరు రోడ్డులోకి వచ్చాక, "జెర పక్కకు ఆపు" అన్నాడు. ఎదురుగా ఫోటో స్టూడియో ఉంది.

"ఎందుకు?" అన్నది అక్క వెనక సీట్లోంచి.

"రెన్యువల్‌కు ఫోటోలు గావాలె. పాతయి అయిపోయినయ్."

రైఫిల్ సంచితో స్టూడియోలోకి పోకూడదు, లైసెన్సు ఉన్న మనిషి లేకుండా దాన్ని కారులో వదలనూ కూడదు కాబట్టి, బావ దిగకుండా కూర్చున్నాడు, తోడుగా నేనూ కూర్చున్నాను. ఆయన నన్ను చూసి నవ్వాడు. ఫోటో దిగాల్సింది ఆయనేనని ఇద్దరికీ అప్పుడే తట్టింది. చివరికి కారును ఇంటికే పోనిచ్చాను. బావ రెండు ముక్కలనూ రెండు బీరువాల్లో పెట్టి తాళాలు వేసుకుని, చొక్కా మార్చుకుని బయటికి వచ్చాడు. కందిలోనే ఇంకో స్టూడియో ఉంది. ఇద్దరమూ నడుచుకుంటూ పోయాము.